ముందు నీ అంచనా చెప్పు

మార్చి 2

ఇవాళ శాస్త్ర విజ్ఞానం కోసం నా ఉన్ని స్వెటరు బలైపోయింది.

వీధి చివర చేపలమ్మే ఆయన మంచుగడ్డ మీద గోనెపట్టా కప్పి ఉంచుతాడు. దాన్ని చూసిన దగ్గర్నుంచీ మా జడ్జిగారికి, అంటే మా ఎనిమిదేళ్ల అమ్మాయికి, ఒకటే ప్రశ్న. గోనె కప్పితే వేడెక్కి తొందరగా కరిగిపోదా? నేను మామూలుగానే "ముందు నీ అంచనా చెప్పు" అన్నాను. ఈ ఇంట్లో అంచనా చెప్పకుండా ఎవరికీ జవాబు దొరకదు. నాక్కూడా మినహాయింపు లేదు. నిన్న తాళంచెవులు చూశావా అని అడిగితే "ముందు నీ అంచనా చెప్పు నాన్నా" అంది. ప్యాంటు జేబు అన్నాను. ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఎవరు పెట్టారో దర్యాప్తు జరుగుతోంది, అనుమానం నా మీదే.

రెండు మంచుముక్కలు తీశాం. ఒకటి పళ్లెంలో, ఒకటి నా స్వెటరులో. "స్వెటరుదే ముందు కరుగుతుంది, వేసుకుంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి" అని జడ్జి తీర్పు. "నాదీ అదే" అన్నాడు ఐదేళ్లవాడు. వాడి పేరు డిటో. పెట్టిన పేరు వేరే ఉంది గానీ అక్క ఏదంటే వాడూ అదే అంటాడు కాబట్టి ఆ పేరు ఎవరికీ గుర్తులేదు.

పళ్లెంలో ముక్క నీరైపోయింది. స్వెటరులోది నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. ఇంక చూడాలి ఆ పిల్ల ఆనందం. "నేను తప్పు! నేను తప్పు!" అని గంతులేస్తూ మెట్లెక్కి పైవాటా దాకా వెళ్లింది. వెనకాల తమ్ముడు, "నేను కూడా తప్పు!" పైవాటాలో ఉండేది మా అత్తయ్యగారు, రిటైరైన హెడ్మిస్ట్రెస్. "తప్పయితే చెవులు పట్టుకోవాలి గానీ ఈ సంబరమేమిటే?" అన్న మాట నాకు కింద దాకా వినిపించింది. నాకు వినిపించాలనే అన్నారు.

మార్చి 5

విద్యాశాఖ నుంచి ఫోను. పిల్లల్ని ఇంట్లోనే చదివించుకోవడానికి మాకున్న అనుమతి గడువు అయిపోతోంది. నెలాఖరున తనిఖీకి వస్తారట. వయసుకు తగ్గ చదువు లేదని తేలితే ఇద్దర్నీ జూన్‌లో బడిలో చేర్చాలి, వాదనలుండవు.

క్రితంసారి వచ్చిన పెద్దాయన రెండు బిస్కెట్లు తిని, సోఫాలో ఒక కునుకు తీసి, "పిల్లలు చలాకీ" అని రాసి వెళ్లాడు. ఆయన రిటైరయ్యాడు. మంచివాళ్లంతా రిటైరైపోతారు, ఒక్క అత్తయ్యగారు తప్ప. ఆవిడ రిటైరయ్యాకే పని మొదలుపెట్టారు. "కొత్తగా వచ్చినావిడ నిప్పని విన్నాను బాబూ" అన్నారు ఇవాళ, చాలా ప్రేమగా.

నాకు కంగారేమీ లేదు.

మార్చి 6

కంగారు లేదు.

మార్చి 7

లేదనే రాశాను కదా. ఊరికే పక్కింటివాళ్ల పిల్లల పాఠ్యపుస్తకాలు అడిగి తెచ్చాను. పొద్దుపోవడానికి. నేను రాసే పుస్తకాలకంటే మరీ అధ్వాన్నంగా ఏమీ లేవు. నేను రాసేది మిక్సీలు, వాషింగ్ మెషీన్లతో పాటు వచ్చే వాడుక పుస్తకాలు. "తడిచేతులతో తాకరాదు. మూత తీసి లోపల చూడరాదు." లోకంలో ఎవరూ చదవని రచయితని నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. ఈ పాఠ్యపుస్తకాలవాళ్లు కూడా ఉన్నారు పాపం.

మార్చి 9

సరదాగా ఒక ప్రశ్న అడిగాను.

"ఏడెనిమిదులు ఎంత?"

"ముందు నీ అంచనా చెప్పు."

"నాకు తెలుసమ్మా."

జడ్జి నన్ను ఎగాదిగా చూసింది. "తెలిస్తే మరి ఎందుకడుగుతున్నావు?"

"నీకు తెలుసో లేదో చూడ్డానికి."

"తెలిసినవాళ్లు తెలియనివాళ్లని అడుగుతారా ఎక్కడైనా?" అని నవ్వడం మొదలుపెట్టింది. దీన్ని పరీక్ష అంటారని చెప్పాను. జోకనుకుని ఇంకా నవ్వింది. డిటో కిందపడి దొర్లాడు.

నవ్వు ఆగాక తనే ఆలోచించింది. ఏడు, దాన్ని రెట్టిస్తే పద్నాలుగు, మళ్లీ రెట్టిస్తే ఇరవై ఎనిమిది, ఇంకోసారి రెట్టిస్తే యాభై ఆరు. ఎవరూ నేర్పలేదు. ఇంకో రోజైతే ఎత్తుకుని తిప్పేవాణ్ణి. ఇవాళ గడియారం చూశాను. ఆ వచ్చే ఆవిడ ఇంతసేపు ఆగుతుందా?

మార్చి 12

టైంటేబుల్ వేశాను. ఇది బడి టైంటేబుల్ కాదు. బడిలో నల్లసిరాతో వేస్తారు, నేను నాలుగు రంగుల పెన్నులు వాడాను. గంట కూడా లేదు. వంటింట్లో గుడ్లు ఉడకబెట్టుకునే టైమరు ఉంది, అది మోగితే లెక్కలు అయిపోయి భాష మొదలవుతుంది. గంటకీ టైమరుకీ చాలా తేడా ఉంది. ఏమిటో ఇప్పుడు తట్టడం లేదు.

మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. నైట్ డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇల్లేంటి ఇంత నిశ్శబ్దంగా ఉంది? ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"చదువుకుంటున్నారు."

"మరి ఇన్నాళ్లూ చేసిందేంటి?"

సమాధానం కోసం ఆగకుండా వెళ్లి పడుకుంది. నర్సులకి వెటకారం ఎక్కువ. మాకు ఇంట్లో సరఫరాకి కొరతేమీ లేదు, ఆస్పత్రి నుంచి ప్రత్యేకంగా తేనక్కర్లేదు.

మార్చి 15

అంచనాల చట్టాన్ని తాత్కాలికంగా రద్దు చేశాను. తప్పలేదు. ఆ నిప్పులాంటి మనిషి "ఇది ఎంత?" అని అడిగితే జడ్జిగారు "ముందు మీ అంచనా చెప్పండి" అంటే మా కొంప కొల్లేరే.

"తెలిస్తే గబుక్కున చెప్పెయ్యాలి. తెలియకపోతే 'తెలియదండి' అనాలి. మధ్యలో ఊహలొద్దు" అన్నాను.

"మరి ఊహించకపోతే తెలియనిది ఎలా తెలుస్తుంది?"

"అది తరవాత చెప్తా."

అప్పుడే బాల్కనీ కమ్మీ మీద పావురం వాలింది. తల ముందుకీ వెనక్కీ ఊపుతూ నడుస్తోంది. "నాన్నా, అది ఎందుకలా..." అని డిటో లేవబోయాడు. తనంతట తాను ప్రశ్న మొదలుపెట్టడం వాడికి అరుదు. "టైమరు మోగాక" అన్నాను. టైమరు మోగేసరికి పావురం ఎగిరిపోయింది. పావురాలకి క్రమశిక్షణ లేకపోతే నేనేం చేస్తాను?

మార్చి 18

డిటోకి కడుపునొప్పి. టైమరు తిప్పగానే వచ్చింది, ఆపగానే పోయింది. వైద్యశాస్త్రానికే అంతుచిక్కని జబ్బు అన్నాను.

"చిక్కుతుంది" అంది మా ఆవిడ. "సోమవారం పొద్దున్నే మా దగ్గరికి ఇలాంటివాళ్లు వస్తారు. అందరూ యూనిఫాంలోనే ఉంటారు."

ఇవాళ సోమవారం కావడం కేవలం కాకతాళీయం.

మార్చి 20

పదమూడో ఎక్కం వచ్చేసింది! ఇద్దరికీ! డిటోకి అసలు అక్కర్లేదు, విని నేర్చేసుకున్నాడు. పదమూడు అంటే ఎన్ని అని అడిగితే మాత్రం వేళ్లు చాల్లేదు. ఏముంది, పెద్దయ్యాక అర్థమవుతుంది. అందరికీ అలాగే కదా అర్థమైంది. నాకు ఇంకా కాకపోతే అది వేరే సంగతి.

మార్చి 21

అత్తయ్యగారు కిందికి వచ్చారు. వచ్చేసరికి ఇద్దరూ చేతులు కట్టుకుని, ఎదుటి గోడకేసి చూస్తూ, ఒకే గొంతుతో ఎక్కం అప్పజెబుతున్నారు. ఆవిడ గుమ్మం పట్టుకుని అలా నిలబడిపోయారు. కళ్లలో నీళ్లు.

"అచ్చం మా బడిలాగే ఉంది బాబూ! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నిన్ను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. దారికొచ్చావు."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. ఎన్నో ఏళ్లుగా ఈ రోజు కోసం చూశాను. థాంక్సండీ అత్తయ్యా అన్నాను. భోజనం ఎందుకో సయించలేదు. పొద్దున తిన్న రొట్టె పడలేదేమో.

మార్చి 24

ఇది రాయాలా వద్దా అనుకుంటూ టీ చల్లారబెట్టుకున్నాను.

జడ్జి భాగహారాలు చేస్తోంది. నేను వెనక నుంచి వస్తుంటే ఎడంచెయ్యి కాగితం మీద పరిచేసింది. చెయ్యి తియ్యమన్నాను. తియ్యలేదు. మళ్లీ చెప్తే తీసింది. కింద రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం చిరిగిపోయిన చోటు.

"తప్పొచ్చింది నాన్నా. నువ్వు చూసేలోపు చెరిపేద్దామని."

నేనేమన్నాను? గట్టిగా రుద్దకు, కాగితం చిరుగుతుంది, మెల్లిగా చెరిపితే గుర్తు కూడా కనపడదు అన్నాను. ఎలా చెరపాలో చూపించాను కూడా. మంచి పద్ధతే. అది తల ఊపి నేర్చుకుంది. ఏదైనా ఒక్కసారి చెబితే వచ్చేస్తుంది దానికి.

ఈ కొద్ది రోజులే కదా. తనిఖీ అయిపోతే మళ్లీ మామూలే.

మార్చి 25

మా ఆవిడతో గొడవ.

"అసలు పరీక్ష ఎవరికి? వాళ్లకా, నీకా?"

"వాళ్లు బడికి వెళ్లకుండా ఉండాలనే కదా ఇదంతా!"

"వెళ్లనీ. బడికెళ్లే పిల్లలు కనీసం నాలుగింటికి ఇంటికొస్తారు. వీళ్లకి బడి అయ్యాక పోవడానికి ఇల్లు కూడా లేకుండా చేశావు."

దీనికి గట్టి జవాబే ఉంది నా దగ్గర. దొరికాక రాస్తాను.

మార్చి 28

రేపే. ఇల్లంతా సర్దాను. బాల్కనీలో డిటో ఎండబెట్టిన పురుగులు, నత్తగుల్లలు, కప్పు బోర్లించి పెంచుతున్న బూజుపట్టిన రొట్టెముక్క, అన్నీ అట్టపెట్టెలో వేసి మంచం కిందికి తోశాను. నోరెత్తలేదెవరూ. బూజు అంతరించిపోతే కనీసం ఏడుస్తారనుకున్నాను. నెమ్మదస్తులయ్యారు.

మార్చి 29

గెలిచాం.

ముందు నుంచి రాస్తాను. నిప్పు అన్నారా, ఆవిడకి జలుబు. మంచినీళ్లడిగి, ముక్కు తుడుచుకుంటూ కూర్చుంది. మా ఆవిడ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది, గోడకి చేరగిలబడి, చేతులు కట్టుకుని. అత్తయ్యగారు "ఉప్పు అడగడానికి" వచ్చి ఉండిపోయారు. రెండు కప్పులు పోసి ఇచ్చినా కదల్లేదు.

ఎక్కాలు అడిగింది. కుండపోత. ఒక పేరా చదవమంది. ఎక్కడా తడబడలేదు. "నీరు ఆవిరి ఎలా అవుతుంది?" అని అడిగింది. జడ్జి ఎదుటి గోడకేసి చూస్తూ, "వేడి వలన నీరు ఆవిరిగా మారును. దీనిని బాష్పీభవనం అందురు" అంది. అందురు! మా ఇంట్లో ఇంతకుముందు ఎవరూ 'అందురు' అని అనలేదు. అత్తయ్యగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు.

అడగడాలు అయ్యాక ఆవిడ పెన్ను మూసి, నవ్వి, "నేనే అడిగాను ఇంతసేపూ. ఇప్పుడు మీ వంతు. నన్నేమైనా అడుగుతారా?" అంది.

జడ్జి నాకేసి చూసింది. ఇది మేము ప్రాక్టీసు చెయ్యలేదు. నేను కనుబొమలతో ఏదో సైగ చేశాను, దానికేం అర్థమైందో నాకే తెలియదు.

"ఏమీ లేవండి" అంది.

"నాకూ లేవండి" అన్నాడు డిటో.

రెండేళ్లకి అనుమతి అక్కడికక్కడే రాసిచ్చింది. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగింది.

"మీ పిల్లలు చాలా నయమండీ. ఇంట్లో చదివే పిల్లలంటే మామూలుగా నన్ను తినేస్తారు. మొన్న ఒకింట్లో ఒకడు, మీకు జలుబు చేస్తే ముక్కు ఒకవైపే ఎందుకు మూసుకుపోయింది అని మొదలుపెట్టాడు. జవాబు చెప్పేదాకా వదల్లేదు, నేను ఇంటికెళ్లి పుస్తకం తీసి చూడాల్సొచ్చింది. వాడికి ఎక్కాలు అంతంతమాత్రమే."

"మరి వాణ్ణి బడికి పంపమన్నారా?" అంది మా ఆవిడ, గోడ దగ్గర్నుంచి.

"అయ్యో, ఎందుకండీ? అలాంటి పిల్లాడికి బడెందుకు?"

ఆవిడ వెళ్లిపోయింది. మా ఆవిడ నాకేసి చూడకుండా కప్పులు తీసుకుని లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది.

గెలిచాం. అదీ సంగతి.

మార్చి 31

టైంటేబుల్ చింపేశాను. అంచనాల చట్టం మళ్లీ అమల్లోకి వచ్చిందని పొద్దున్నే ప్రకటించాను. "సరే నాన్నా" అంది జడ్జి. "సరే నాన్నా" అన్నాడు డిటో. రొట్టెలు తిన్నారు. పళ్లేలు కడిగి పెట్టారు. ఇంకేం చెయ్యాలన్నట్టు నిలబడ్డారు.

అలసిపోయి ఉంటారు. రెండ్రోజులు పోనీ.

ఏప్రిల్ 2

ఎర వేస్తున్నాను. పాడైపోయిన మిక్సీ మోటారు విప్పి బల్ల మధ్యలో పెట్టాను, రాగి తీగ చుట్టలు కనబడేలా. పదేళ్లుగా "మూత తీసి లోపల చూడరాదు" అని రాసి బతుకుతున్న చేత్తోనే. ఒకప్పుడైతే నా చేతిలో స్క్రూడ్రైవరు లాక్కునేవాళ్లు.

జడ్జి వచ్చింది. మోటారుని జాగ్రత్తగా పక్కకి జరిపి, బల్ల తుడిచి వెళ్లింది.

వెనకాలే పిలిచాను. "ఇది ఎందుకు తిరుగుతుందంటావు? నీ అంచనా చెప్పు."

నిటారుగా నిలబడింది.

"తెలియదండి."

నన్ను అండీ అంది. కన్నతండ్రిని.

ఏప్రిల్ 3

డిటో సామాను మంచం కింద నుంచి తీసి మళ్లీ బాల్కనీలో పరిచాను. వాడు చూసి, "సర్దెయ్యమంటావా?" అని అడిగాడు. ఇదే ఈ వారంలో వాడు అడిగిన మొదటి ప్రశ్న. దానికీ అంచనా చెప్పమనాలా?

మా ఆవిడకి ఇవాళ గొడవపడే ఓపిక కూడా లేదు. "వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. నువ్వు బంగారంలాంటి కోతుల్ని పట్టుకుని వినాయకుళ్లని చేశావు. రెండు విగ్రహాలు. పెట్టుకుని చూసుకో" అంది. నవ్వుదామనుకున్నాను, మాట బాగుంది. నవ్వు రాలేదు.

అత్తయ్యగారు మాత్రం పైన ఎవరితోనో ఫోనులో చెబుతున్నారు. "మా అల్లుడు బంగారం అనుకో."

ఏప్రిల్ 6

ఇంక లాభం లేదనుకుని, ఇవాళ ఇద్దర్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టాను. చాలా ఉత్సాహంగా, చేతులు రుద్దుకుంటూ.

"ఇవాళ పాఠం లేదు. నేనేమీ అడగను. మీరే నన్నడగాలి. ఏదైనా సరే, ఎంత పిచ్చిదైనా సరే, మీ ఇష్టం. ఊఁ, కానివ్వండి!"

ఇద్దరూ చేతులు కట్టుకున్నారు. జడ్జి ఎదుటి గోడకేసి చూసింది. పెదాలు కదుపుతోంది, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. కాసేపటికి మెల్లిగా అంది.

"ఎన్ని అడగాలి నాన్నా?"

"ఎన్నయినా అమ్మా."

"ఎన్నయినా అంటే ఎన్ని?"

అలాగే చూస్తుండిపోయాను. కోపంగా చూస్తున్నాననుకుంది కాబోలు, గబగబా, "పది చాలా?" అంది.

డిటో వాళ్లక్కకేసి చూశాడు. పది అన్న మాటకి వాడి మొహం మాడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాడు అక్క మాటకి కాదన్నాడు.

"నేను చిన్నవాణ్ణి కదా నాన్నా. నాకు ఐదే పెట్టవా?"

"సరేలే, నీకు ఐదే" అన్నాను.

అనేశాక విన్నాను నేనేమన్నానో. అప్పటికే వాడు హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటున్నాడు, జడ్జి వేళ్లు మడిచి మొదటి ప్రశ్న వెతుక్కుంటోంది. లేచి వంటింట్లోకి వెళ్లి, కుళాయి మొత్తం తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. బకెట్టు నిండి పొర్లిపోయింది.

తిరిగి వచ్చేసరికి ఇద్దరూ చేతులు కట్టుకుని అక్కడే కూర్చుని ఉన్నారు. వెళ్లమని నేను చెప్పలేదు మరి.